చివరిసారి బాగా వచ్చినది

ఆ వానాకాలం మా బావ ఐదు వారాలపాటు రోజుకో ప్రోగ్రాం రాశాడు. మూడో రోజునుంచి రాసిన ప్రతిదీ ఆడింది. ఆడినవాటిలో ఒక్కటి కూడా పూర్తిగా ఆయన రాసింది కాదని ఫ్యాక్టరీ మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.

బావంటే మా అక్క మొగుడు. లేత్ మిషను మీద ముప్పై ఏళ్ళు ఇనుప కడ్డీలు చెక్కినవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా కొలత పరికరం తీయకుండా బొటనవేలితో తడిమి చెప్పేసేవాడు. ఆయన మిషను పక్కన మేకుకి పసుపు రంగు వేసిన కడ్డీ ముక్క ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. చివరిసారి బాగా వచ్చిన పీసు అది. ఎక్కడైనా తేడా వచ్చిందంటే బుర్ర పాడుచేసుకోకుండా దాన్ని తీసి పక్కన పెట్టుకుని, అది ఎలా వచ్చిందో అలాగే మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ సెక్షన్లో అందరిదీ అదే పద్ధతి.

అమ్మా నాన్నా పోయాక నన్ను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నదీ, కంప్యూటర్ కోర్సు చదివించిందీ బావే. ఆ చదువుతో అదే ఫ్యాక్టరీలో శిక్షణ గదికి అసిస్టెంటుగా చేరాను. కంప్యూటర్లు తుడవడం, ఆన్ చేయడం, తోచక కూర్చున్నవాళ్ళ పక్కన నిలబడి చెప్పడం నా పని. ఆ గదికి రేకుల కప్పు. వాన పడితే ఎవరి మాట ఎవరికీ వినబడేది కాదు.

వానలు మొదలైన వారమే నోటీసు బోర్డు మీద కాయితం అంటించారు. పాత లేత్‌లన్నీ తీసేసి కంప్యూటర్ మిషన్లు తెస్తారట. టర్నింగ్ సెక్షన్లో ఉన్న పదమూడుమందికీ ఐదు వారాలు శిక్షణ, ఆరో వారం పరీక్ష. ప్యాసైతే కొత్త మిషను మీదికి, తప్పితే ఇంటికి. పరీక్ష ఏమిటయ్యా అంటే, సీ భాషలో చిన్న ప్రోగ్రాం ఒకటి సొంతంగా టైపు చేసి, కంపైల్ చేసి, నడపాలి. తెర మీద మూడు లైన్లు రావాలి. టోకెన్ నంబరు, సెక్షన్ పేరు, ‘రెడీ’ అన్న మాట.

"కడ్డీలు చెక్కేవాళ్ళకి సీ భాష ఎందుకండీ?" అని ఇన్‌స్ట్రక్టర్ గారిని అడిగాను.

"నాకు మాత్రం తెలుసా అమ్మా? కంప్యూటరంటే భయం పోయిందో లేదో చూడాలన్నారట హెడ్డాఫీసులో. భయం పోయిందని కాయితం మీద ఎలా చూపిస్తారు? అందుకని ఇది పెట్టారు."

మొదటిరోజు బావ ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. కీబోర్డు మీద చెయ్యి పెట్టడానికి ముందు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు.

"భయపడకండి బావా. ఇక్కడ మనం రాసేది మనకి అర్థమయ్యే భాష. మిషనుకి అది తెలీదు. ఈ పచ్చ గుర్తు నొక్కితే దాన్ని మిషను భాషలోకి మార్చుకుంటుంది. కంపైల్ చేయడమంటే అదే. తప్పులుంటే కింద ఎర్రగా చూపిస్తుంది, లేకపోతే నడుపుతుంది."

"అంటే ఇది డ్రాయింగు, అది కడ్డీ."

"అంతే."

"మరి ఈ మెయిన్ ఏంటి?"

"మెయిన్ స్విచ్చు అనుకోండి. అక్కణ్ణించే మొదలవుతుంది."

"ఈ మీసాల బ్రాకెట్లు?"

"వైస్ దవడలు. రెండూ బిగిస్తేనే లోపలున్నది కదలకుండా ఉంటుంది."

"ఓస్, ఇంతేనా! దీనికా నేను మూడేళ్ళు నీ ఫీజు కట్టింది?" అని గదంతా వినబడేలా నవ్వాడు. అంతలో తెర మీద చిన్న డబ్బా ఒకటి వచ్చింది. నవ్వు ఆగిపోయింది. "ఏదో అడుగుతోందే!"

"దాచమంటావా అని అడుగుతోంది. డబ్బా ఏదొచ్చినా యెస్ కొట్టెయ్యండి బావా, ఏమీ పేలిపోదు."

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తల్చుకుంటే నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

మనిషికి బుర్ర లేక కాదు. మెయిన్ ఎందుకో, అన్నిటికంటే పైన కొట్టే హెడర్ లైను ఎందుకో రెండో రోజుకే పక్కవాళ్ళకి చెప్పేస్తున్నాడు. ఎటొచ్చీ ఆయన ఎడమచేతి చిటికెనవేలు పదిహేనేళ్ళ కిందట మిషనులో పడి, అప్పట్నుంచి కర్రపుల్లలా బిగుసుకుపోయింది. ఆ ఏడెనిమిది లైన్ల ప్రోగ్రాంలో షిఫ్ట్ నొక్కి పట్టుకుని కొట్టాల్సినవి ఇరవై దాకా ఉంటాయి. కుడిచేతి చూపుడువేలితో కొడుతూ ఎడమచేతి మొండివేలితో షిఫ్ట్ పట్టుకునేవాడు. పందొమ్మిది సరిగ్గా పడేవి, ఇరవయ్యోది జారేది. జారితే మీసాల బ్రాకెట్ పడాల్సిన చోట చదరపు బ్రాకెట్ పడేది. యాభై నాలుగేళ్ళ కళ్ళకి ఆ రెండూ ఒకటే. వేరే వేలితో పట్టుకోమని చెప్పాను. సరేననేవాడు, నాలుగు లైన్లయ్యేసరికి అలవాటు కొద్దీ మొండివేలే వెళ్ళి అక్కడ కూర్చునేది.

మూడో రోజు తెర నాలుగుసార్లు ఎర్రబడింది. అప్పటికి పక్క సీట్లో పెద్దాయనది కూడా ఆడింది. బావ కంటే రెండేళ్ళు పెద్దవాడాయన. బావ లేచి నిలబడ్డాడు.

"చూడు పిల్లా, రేపట్నుంచి నేను రాను. మీ అక్కకి నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

"టీ తాగి రండి బావా. వచ్చాక మాట్లాడుకుందాం."

ఆయన గుమ్మం దాటగానే నేను వంగి ఆఖరి లైన్లో చదరపు బ్రాకెట్ చెరిపి మీసాలది పెట్టాను. మూడు సెకన్లు కూడా పట్టలేదు. ఒక్కరోజే కదా అనుకున్నాను. ధైర్యం వస్తే ఆ తర్వాత ఆయనే దిద్దుకుంటాడు అనుకున్నాను.

తిరిగొచ్చాక, "ఇంకొక్కసారి నొక్కి చూడండి" అన్నాను. నొక్కాడు. నల్ల కిటికీ తెరుచుకుని మూడు లైన్లూ వచ్చాయి. బావ వాటిని వేలితో తడిమి చూశాడు, కడ్డీని తడిమినట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో అక్కకి అన్నం తిననిచ్చాడా! మెయిన్ స్విచ్చు దగ్గర మొదలుపెట్టి మొత్తం మళ్ళీ చెప్పాడు. అక్క వింటూ వింటూ, "ఇంతకీ అది ఏం చేస్తుందండీ?" అంది.

"రెడీ అంటుంది."

"దేనికి?"

"ఓసి నీ! దేనికైనానే!"

ఆ మొహం చూశాక ఇంక నావల్ల కాలేదు. మర్నాటినుంచి కొత్త పద్ధతి పెట్టాను. టైపు చేయడం అయ్యాక వెంటనే నొక్కకూడదు, వెళ్ళి టీ తాగి, చల్లబడ్డ బుర్రతో వచ్చి నొక్కాలి. బావకి ఈ పద్ధతి తెగ నచ్చింది. వేడి మీదున్న కడ్డీని కొలవకూడదు కదా, ఇదీ అంతే అన్నాడు. ఆయన టీకి వెళ్ళేవాడు, నేను వంగేదాన్ని. ఒకరోజు బ్రాకెట్, ఒకరోజు కొటేషను, ఒకరోజు రెండూ. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అక్క ఊరికే అనదు. తొక్కాక మాత్రం ఎక్కడ కడుక్కోవాలో నాకు తెలియలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఐదు వారాలు గడిపేశాను. ఆ ఐదు వారాల్లో మళ్ళీ ఎర్ర అక్షరమన్నది బావ కంటబడలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఆయన టైపు చేసి వెళ్ళాక కూడా అదే చేశాను. దిద్దాను, నడిపి చూశాను, మూశాను.

పరీక్షకి హెడ్డాఫీసునుంచి ఒకాయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఎవరి కంప్యూటర్ దగ్గర వాళ్ళనే కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరి ఫైలూ తెరిచి అందులో ఉన్నది పూర్తిగా చెరిపేసి, "ఇక్కణ్ణించి మీరే రాయండి" అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఎవరి తెర మీద ఏమొచ్చిందో నేను చూడను. మీరు రాసిన ఫైళ్ళు తీసుకెళ్ళి అక్కడ మళ్ళీ కంపైల్ చేస్తాం. అసిస్టెంటుగారు వెనక గోడ దగ్గర ఉండాలి. ఆవిడ మాట్లాడినా, సైగ చేసినా పదమూడుమంది పరీక్షా రద్దు."

వెనక గోడకి ఆనుకుని చేతులు వెనక్కి కట్టుకున్నాను. నావైపు చూడొద్దని పొద్దునే బావకి చెప్పి ఉంచాను. పాపం, ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన సీటు నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఒక్కొక్క అక్షరం పడటం కనబడుతూనే ఉంది. హెడర్ సరిగ్గా పడింది. మెయిన్ పడింది, మీసాల బ్రాకెట్ పడింది. మూడు లైన్లూ, కొటేషన్లతో సహా, పొల్లు పోకుండా పడ్డాయి. ఇన్నాళ్ళకి వచ్చేసింది అనుకున్నాను. ఇంక ఒక్క బ్రాకెట్ ఉంది. మొండివేలు షిఫ్ట్ మీదికి వెళ్ళింది, నిలబడింది, జారింది.

చదరపుది పడింది.

బావ అది చూసుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వానని చూస్తూ కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పరీక్షలో టీ ఉండదు కాబట్టి టీ తాగినంతసేపు ఆగుతున్నాడు. నేర్పిన పద్ధతి తప్పకూడదు కదా!

ఆ నాలుగు నిమిషాలూ నేను గోడకి కొట్టిన మేకులా ఉన్నాను. నాలుగు అడుగులు వేసి వంగితే మూడు సెకన్ల పని. పాతికసార్లకి పైగా ఆ పని చేసిన చేతులు వెనకాల ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఆయన ముందుకి వంగి పచ్చ గుర్తు నొక్కాడు. కింద ఒక ఎర్ర లైను వచ్చింది, వెంటనే మధ్యలో డబ్బా వచ్చింది. తప్పులున్నాయి, చివరిసారి బాగా వచ్చినదాన్ని నడపమంటారా అని. ఐదు వారాల్లో ఆ డబ్బా ఆయన ఎన్నడూ చూడలేదు, నేను చూడనివ్వలేదు. పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదువుకున్నాడు. తల ఊపాడు. యెస్ కొట్టాడు.

నల్ల కిటికీ వచ్చి ఎర్ర అక్షరాలని కప్పేసింది. టోకెన్ 417. టర్నింగ్ సెక్షన్. రెడీ.

బావ అప్పుడు మాత్రం ఆగలేక నావైపు తిరిగి నవ్వాడు.

పరీక్ష అయ్యాక వరండాలో ఇన్‌స్ట్రక్టర్ గారిని పట్టుకున్నాను. నాలుగువందల పదిహేడులో ఆఖరి బ్రాకెట్ తప్పు పడిందండీ, ఆయనకి వేలు వంగదండీ, ఒక్కమాట చెప్పండి అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇవాళ తప్పింది, సరే. రోజూ ఆడిందిగా? నా రిజిస్టర్లో రోజూ టిక్కు ఉందిగా? ఎలా ఆడింది?"

నేను వరండా స్తంభం మీది సున్నాన్ని గోరుతో గీకాను.

"వేలు సంగతి మొదటి వారంలో చెప్పుంటే రాసి పంపేవాణ్ణి. వేరే కీబోర్డో ఏదో ఇచ్చేవాళ్ళు. ఐదు వారాలు బ్రహ్మాండంగా వచ్చిందని సంతకాలు పెట్టి, ఇప్పుడు వేలు వంగదంటే ఎవరు నమ్ముతారమ్మా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను దిద్దింది బ్రాకెట్లని మాత్రమే కాదు, బావకి రావాల్సిన సాయాన్ని కూడా చేత్తో చెరిపేశాను.

ఫలితాలు పది రోజులకి వస్తాయన్నారు. ఆ పది రోజులూ మా ఇల్లు ఎప్పుడూ లేనంత సందడిగా ఉంది. బావ దారిలో దానిమ్మపళ్ళు కొనుక్కొచ్చేవాడు. "ఇకమీదట నన్ను బావా అనకు, ఇంజనీరుగారూ అను" అనేవాడు. పప్పులో ఉప్పు తక్కువైతే, "ఇదిగో, ఇక్కడ ఎర్ర లైను వచ్చింది" అని అక్కని ఏడిపించేవాడు. నేను నవ్వేదాన్ని. కక్కలేక మింగలేక ఆ పది రోజులు ఎలా నవ్వానో నాకే తెలీదు.

ఆరో రోజు వాన తెరిపిస్తే దండెం మీద బట్టలు ఆరేస్తూ అక్కకి మొత్తం చెప్పేశాను. అక్క తడి చొక్కాని పిండుతూ విన్నది. నీళ్ళన్నీ కారిపోయాక కూడా పిండుతూనే ఉంది.

"నువ్వు చెయ్యకపోతే మూడో రోజే మానేసేవారు" అంది చివరికి.

"చెప్పెయ్యనా అక్కా?"

"ఇంకా నాలుగు రోజులుందిగా. నవ్వనీవే. ఆ మనిషి ఇలా నవ్వి ఎన్నాళ్ళయింది!"

పదో రోజు నోటీసు బోర్డు మీద పన్నెండు నంబర్లు పెట్టారు. 417 లేదు. బావ పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ రెండుసార్లు చదివాడు. ఆఫీసులోకి వెళ్ళి అడిగాడు. ఫైలు కంపైల్ కాలేదు అన్నారు. అక్కడ గొడవ పెట్టుకోకుండా నేరుగా ఇంటికొచ్చి, తడి చెప్పులతోనే నా ఎదురుగా కూర్చున్నాడు.

"కాలేదంటారేమిటే? నా కళ్ళతో చూశాను, ఆడిందిగా?"

అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను నేల చూస్తూ చెప్పాను.

"ఆడింది పాతది బావా. ఫైలు చెరిపేసినా, ముందురోజు మిషను భాషలోకి మార్చుకున్నది లోపల అలాగే ఉంది. ఆ రోజు మీరు రాసిందాంట్లో తప్పుంది. అందుకే డబ్బా వచ్చింది."

"వచ్చింది. చివరిసారి బాగా వచ్చినదాన్ని నడపనా అని అడిగింది. ఎవరైనా వద్దంటారా? షాపులో ముప్పై ఏళ్ళు మేం చేసింది అదేగా?" తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు. "పోనీ, పాతదే అనుకో. పాతది నాదేగా? ముందురోజు నేను రాసిందేగా?"

నేను ఆయన తడి చెప్పులకేసే చూస్తున్నాను.

"నాదేగా?"

"టీకి వెళ్ళినప్పుడు నేను..." అన్నాను.

బావ నా చేతులకేసి చూశాడు. తర్వాత తన ఎడమచెయ్యి ఎత్తి, మొండివేలికేసి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"రోజూనా?" అన్నాడు.

"రోజూ."

"మంచి టీ" అన్నాడు. లేచి, చెప్పులు బయట విడిచి వచ్చి, కాళ్ళు కడుక్కున్నాడు.

నెలాఖరున టోకెన్ బిళ్ళ ఆఫీసులో అప్పగించి వచ్చాడు. పసుపు కడ్డీ ముక్కని మాత్రం తెచ్చుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ గట్టు మీద పెట్టింది అక్క.

మర్నాడు వాన లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ నా పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"నువ్వు వంటింట్లోకి వెళ్ళు. నేను పిలిచేదాకా రాకు" అన్నాడు.

వెళ్ళాను. అక్కా నేనూ వేరుసెనగ కాయలు ముందేసుకుని కూర్చున్నాం. అవతల గదిలోంచి ఒక్కొక్క అక్షరం వినబడుతోంది. టక్. చాలాసేపటికి మళ్ళీ టక్. తర్వాత తప్పుందని మోగే చిన్న గంట. మళ్ళీ మొదటినుంచి టకటకలు, మళ్ళీ గంట. మూడోసారి మోగినప్పుడు నాకు తెలియకుండానే లేవబోయాను. అక్క నా ముంజేతిని పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇంక వదల్లేదు. ఇద్దరం ఒక్కో చేత్తోనే కాయలు ఒలిచాం. గంట పదకొండుసార్లు మోగింది.

పన్నెండోసారి మోగలేదు.

బావ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నుదుటి మీద చెమట పట్టి ఉంది.

"నువ్వు అటు రాలేదుగా?"

"లేదు బావా."

"నేను నీళ్ళకి లేచినప్పుడు?"

"దీని చెయ్యి నా చేతిలోనే ఉందండీ" అంది అక్క.

ముగ్గురం వెళ్ళి తెర ముందు నిలబడ్డాం. కింద ఒక్క ఎర్ర లైను కూడా లేదు. ఆఖరున మీసాల బ్రాకెట్ నిటారుగా నిలబడి ఉంది. నల్ల కిటికీలో మూడు లైన్లు. టోకెన్ 417. టర్నింగ్ సెక్షన్. రెడీ.

బావ చాలాసేపు చూశాడు. చొక్కా అంచుతో తెర మీద దుమ్ము తుడిచాడు. తర్వాత నావైపు తిరిగి, మొదటిరోజు డబ్బా వచ్చినప్పుడు అడిగిన గొంతుతోనే అడిగాడు.

"ఇప్పుడిది ఎవరికి చూపించాలే?"